నాలుగో వరసలో కర్ర చప్పుడు

నవంబరు 16, ఆదివారం, మధ్యాహ్నం

గిటారు మాస్టారు గారికి,

మీ దగ్గర బుధవారం, శనివారం సాయంత్రాలు గిటారు నేర్చుకుంటున్న బొంగరానికి అమ్మమ్మను. నమస్కారాలు చెప్పి రాయిస్తున్నాను. మీ హాజరు పుస్తకంలో దాని పేరు వేరే ఉంటుంది. ఒక్కచోట కుదురుగా నిలబడదని ఇంట్లో అందరం బొంగరం అంటాం. ఉత్తరం మొదట్లో ఇక్కడ మేమంతా క్షేమం, మీ క్షేమం కోరుతున్నాం అని ఉండాలట. సరే, మేము క్షేమమే. మీరూ క్షేమంగా ఉండాలి. ఎందుకంటే ఈ ఉత్తరం చివరిదాకా చదవడానికి ఒంట్లో ఓపిక కావాలి.

నాకు అక్షరం ముక్క రాదు. కాని నోరుంది. నేను చెబుతుంటే రాస్తున్నది మీ శిష్యురాలే. మీరు పంపిన చీటీని రెండు రోజులు గిటారు సంచీలో దాచింది అదే కాబట్టి, దాచిన చేత్తోనే రాయాలని కూర్చోబెట్టాను. ఒక్క మాట మార్చినా ఊరుకోను, రాయడం అయ్యాక వీధి చివర మందుల షాపు అతని చేత చదివించుకుంటాను అని ముందే చెప్పాను. అమ్మమ్మా, అలా రాస్తే బాగుండదు అని ఇప్పటికి రెండుసార్లు అంది. బాగుండడానికి ఇదేమన్నా శుభలేఖా అన్నాను. అది కూడా రాయమన్నాను.

చీటీ ఎలా బయటపడిందో చెబుతాను. శుక్రవారం పొద్దున సంచీ దులుపుతుంటే చిన్న కవరు ఒకటి కింద పడింది. చదవడం రాకపోయినా కవరు లోపల ఏముందో నా వేళ్లకు తెలిసిపోయింది. నాలుగు కన్నాల కోటు గుండీ, కొమ్ముతో చేసింది. దాన్ని గిటారు మెడ వెనక అతికించింది నేనే. అక్కడినుంచి ఊడి కవర్లో ఎలా పడిందా అని మందుల షాపుకు పట్టుకెళ్లాను. అతను పైకి చదివాడు. కొట్లో ఇంకా ఇద్దరున్నారు. దగ్గు మందు కోసం వచ్చిన ఆవిడ దగ్గడం మానేసి మరీ విన్నది.

మీరు రాసింది ఇది. వాయిద్యానికి గుండీలు, అట్టలు అతికించవద్దు, చెయ్యి జరిగినా బొటనవేలు అక్కడే అతుక్కుపోతుంది. బొంగరం ఆ ఆరు వరసల పాట వాయించేటప్పుడు, ఎన్నిసార్లు వాయించినా నాలుగో వరస మధ్యలో, మూసిన గేటు ముందు సైకిలు ఆపినట్టు ఆగుతోంది. ఎందుకు ఆగుతున్నావంటే తెలియదంటోంది. సాధన చేసేటప్పుడు ఇంట్లో ఎవరో ఏమీ తెలియనివారు పక్కన కూర్చుని ఆపుతున్నట్టుంది, నెల రోజులు గదిలో ఎవరూ ఉండకూడదు. ఆ ఆగడం పోయేదాకా డిసెంబరు ప్రోగ్రాం లిస్టులో దీని పేరు ఉండదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నా సంగతి. పేరు తీసేశారు, అది మీ ఇష్టం. కాని ఆ తెలియనివారు అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తెలిసినదాన్నో తెలియనిదాన్నో మీరే తేల్చండి.

నేను నలభై రెండేళ్లు కోట్లకు కాజాలు కుట్టాను. కాజా అంటే గుండీ దూరే కన్నం. మీ చొక్కాలకు మిషను కుడుతుంది, చూస్తుండగానే వరసంతా అయిపోతుంది. మంచి కోటుకు మాత్రం చేత్తోనే కుట్టాలి. ఒక్క కాజాకు అరవై డెబ్భై కుట్లు, కుట్టుకో ముడి, అన్ని ముళ్లూ ఒకే ఎత్తున ఉండాలి. ఒక్క ముడి బిగుసుకున్నా బట్ట ముడుచుకుంటుంది, ఒక్కటి వదులైతే ఏడాదికి పోగులు లేస్తాయి. సూదిని గట్టిగా పట్టుకునే మనిషి కాజాలకు పనికిరాదు. పది కాజాలకే బొటనవేలు మొద్దుబారుతుంది. పట్టీపట్టనట్టు పట్టుకోవాలి. మణికట్టు వంగకూడదు. భుజం చెవి దగ్గరికి లేవకూడదు. ఇవన్నీ మీరు బొంగరానికి చెప్పిన మాటలే కదా? నేను మీకంటే ముందు నుంచి అంటున్నాను, మీరప్పటికి పుట్టి ఉండరు.

నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ మాట్లాడే మనిషి కాదు. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పట్టుకుని ఉండేవాడు, మాట్లాడితే మింగాలి. చేతిలో చెక్క స్కేలు ఉండేది. దాంతో బల్ల మీద టక్కున ఒక్కటి కొట్టేవాడు. అదే ఆయన భాష. ఆరు నెలలు నాచేత చింపిరి గుడ్డల మీదే కుట్టించాడు. కోటు ముట్టనివ్వలేదు. ఒకసారి నేను కోపం పట్టలేక ఒకే పూటలో నలభై కాజాలు కుట్టి ఆయన ముందు పడేశాను. మొదటి కాజానూ నలభయ్యో కాజానూ పక్కపక్కన పెట్టాడు. రెండిట్లోనూ తప్పు ఒకేచోట ఉంది. అంటే నేను నలభైసార్లు నేర్చుకున్నది ఆ తప్పునే. చెయ్యికి మంచీ చెడూ తెలియదు మాస్టారూ. ఏది ఎక్కువసార్లు చేయిస్తే అదే దానికి వచ్చిన పని.

ఇప్పుడు మా ఇంటి సంగతి వినండి. మీరు పాఠం చెప్పి పంపించేవారు. గిటారు సంచీలోకి, సంచీ మంచం కిందికి పోయేది. మళ్లీ మంగళవారం సాయంత్రం, రేపు క్లాసు ఉందే అని గుర్తొచ్చేది. మంచం మీద రొయ్యలా ముడుచుకుని కూర్చుని మొదలుపెట్టేది. మొదటి రెండు వరసలూ వస్తాయి కాబట్టి గుర్రమెక్కినట్టు పరుగు. మూడో వరసలో కాలు జారేది. మళ్లీ మొదటికి. మళ్లీ జారేది. మళ్లీ మొదటికి. శుభ్రంగా ఉన్న వాకిలినే పదిసార్లు ఊడ్చి, చెత్తంతా ఉన్న పెరటి వైపు చీపురే పెట్టని ఇల్లాలిని ఏమంటారు? ఒక గంట అలా చేసి, చేతులు నొప్పి పుడుతున్నాయి, ఈ గిటారే మంచిది కాదు అనేది. ఆడలేక మద్దెల ఓడు.

నేను పని మానేసి కూతురి దగ్గరికి వచ్చింది ఈ జూన్‌లోనే. మా అమ్మాయి ఆసుపత్రి కౌంటర్లో పని చేస్తుంది, అల్లుడు రైలు నడుపుతాడు. సాయంత్రం అయిదు గంటలకు ఇంట్లో ఉండేది నేనూ బొంగరమే. వారం రోజులు నోరు మూసుకుని చూశాను. నా మట్టుకు నాకు అది చాలా ఎక్కువ. ఎనిమిదో రోజు రంగంలోకి దిగాను.

ముందు, క్లాసు రోజుల్లో తప్ప కిందికి దిగకుండా ఆ సంచీని అటక మీదికి పంపాను. గిటారును కిటికీ పక్కన గోడకు నిలబెట్టించాను. కంటికి కనబడితేనే చెయ్యి పోతుంది. మంచం మీద కూర్చోవడం బందు. చేతుల్లేని కుర్చీ, దాని అంచున కూర్చోవాలి, ఎడమ కాలి కింద చిన్న పీట. ఎడమ చేతి గోళ్లు నా దారం కత్తెరతో నేనే కత్తిరించాను. రోజుకు ఇరవై నిమిషాలు, ఆ తర్వాత టీ, మళ్లీ ఇరవై నిమిషాలు, అంతే. ఇంకా వాయిస్తానని ఏడ్చినా వాయించనివ్వను. అలసిన చెయ్యి నేర్చుకునేది అడ్డదారులే.

తర్వాత రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో ఏడు గుండీలు. రాని ముక్క ఎంతుందో అంతే తీసుకుని, తాబేలు నడిచినంత నెమ్మదిగా వాయించాలి. తప్పు లేకుండా వస్తే ఒక గుండీ రెండో గిన్నెలోకి. ఆరు వెళ్లాక ఏడోసారి తప్పితే ఆ ఆరూ మళ్లీ వెనక్కి. మొదటి రోజు పిల్ల ఒక్క గుండీ దగ్గరే ఇరవై నిమిషాలూ ఉంది. నన్ను రాక్షసి అంది. అనుకో, ముందు వేలు సరిగ్గా పెట్టు అన్నాను. మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి గిన్నెలు చూసి, అమ్మా ఇది నీ దర్జీ కొట్టు కాదు, పిల్లకు అదేదో సరదా అంది. సరదా అంటే సరిగ్గా వచ్చాక పుట్టేది, రాకముందు ఉండేది ఉబలాటం అన్నాను. అల్లుడు మంచివాడు, గొడవల్లోకి రాడు. అత్తయ్యా, మా రైల్వేలో మీరుంటే బళ్లన్నీ టైముకు నడిచేవి అన్నాడు. పొగిడాడో ఏడిపించాడో ఇప్పటికీ తెలియదు.

గుండీ సంగతికి వస్తాను. బొటనవేలు మెడ వెనక ఉండాలి, పైకి తొంగిచూడకూడదు అని మీరు పన్నెండుసార్లు చెప్పారట. వేలికి చెవులుండవు మాస్టారూ, దానికి చోటు చూపించాలి. అందుకే ఆ గుండీ అతికించాను. అది నేను కుట్టిన చివరి కోటులో మిగిలిన గుండీ. పదిహేను రోజుల్లో బొటనవేలు తన ఇల్లు కనుక్కుంది. అయితే చెయ్యి గిటారు మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జరిగినప్పుడు బొటనవేలు కూడా వెంట జరగాలని, గుండీ ఉంటే అక్కడే అతుక్కుపోతుందని మీరు రాశారు. ఇది ఒప్పుకుంటాను. నేను కుట్టే కాజా కదలదు, మీ పాట కదులుతుంది. గుండీ తీసేశారు, సరే. కాని చీటీలో పెట్టి పంపారే, అది మర్యాద కాదు.

ఇక నా కర్ర. మోకాళ్ల కోసం అల్లుడు కొనిచ్చాడు. నేను పిల్లకు ఎదురుగా కూర్చోను, నా మొహం చూస్తే వేళ్లు బెదురుతాయి. వెనకాల ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాను. అక్కడినుంచి భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ కనిపిస్తాయి. నాకు స్వరాలు తెలియవు, అసలు వాటి పేర్లే తెలియవు. కాని చెయ్యి తప్పుగా కదిలితే చప్పుడు కూడా తప్పుగానే వస్తుంది, అది తెలుసు. అప్పుడు కర్రతో నేల మీద ఒక్కటి. తిట్టు లేదు, అరుపు లేదు. పిల్ల ఆగి, చూసుకుని, సరిదిద్దుకుంటుంది. ఈ పద్ధతిలోనే అయిదు నెలల్లో ఆరు వరసలూ వచ్చాయి. కాదంటే దాన్నే అడగండి.

కాబట్టి నా వాదన ఏమిటంటే, నన్ను ఆ గదిలోంచి పంపించే హక్కు మీకు లేదు. పిల్ల పేరు లిస్టులో మళ్లీ రాయండి. అది ఆ హాల్లో కూర్చుని వాయిస్తుంటే ముందు వరసలో కూర్చుని చూడాలని నేను కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నాను.

ఇక్కడ పిల్ల కలం కింద పెట్టేసింది. అమ్మమ్మా, మాస్టారు చెప్పినట్టు ఒక్కరోజు బయట కూర్చుని చూడు, ఆయనది తప్పని తేలితే ఆ మాట నేనే పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తాను, నీది తప్పయితే అదీ అంతే పెద్దగా రాస్తాను అంది. పద్నాలుగేళ్ల పిల్ల నాతో బేరం! ఎవరి పోలికో మరి. సరే అన్నాను. ఉత్తరం ఇంతటితో ఆపి మడిచి గిన్నె కింద పెడుతున్నాం.

నవంబరు 18, మంగళవారం

మళ్లీ మొదలుపెట్టాను మాస్టారూ.

నిన్న సాయంత్రం అయిదింటికి తలుపు వేయించి, బయట మెట్ల మీద కూర్చున్నాను. పై వాటా టీచరమ్మ దిగుతూ, ఏమ్మా ఇంట్లోంచి గెంటేశారా అంది. మా ఇంట్లో నన్ను గెంటే మగాడూ ఆడదీ ఇంకా పుట్టలేదు, పరీక్ష జరుగుతోంది అన్నాను. ఎవరికి అంది. నాకే అన్నాను. ఆవిడ కూరల సంచీ పక్కన పెట్టి తనూ పై మెట్టు మీద కూర్చుంది.

పిల్ల ముందు తీగలు సరిచూసుకుంది. తర్వాత మొదలుపెట్టింది. మొదటి వరస నీళ్లు పారినట్టు వచ్చింది. రెండోది కూడా. మూడో వరసలో చెయ్యి కిందికి జరిగే చోటు ఉంది చూశారా, ఒకప్పుడు పడిపోయే చోటు, అది అసలు అక్కడ ఉందనే తెలియనంత నున్నగా దాటింది. టీచరమ్మ తల ఊపింది. నేను, చూశావా అన్నట్టు చూశాను.

నాలుగో వరస. ఆగింది.

ఎంతసేపు ఆగిందో చెప్పనా? సూదిలో దారం బారెడు లాగేంతసేపు. తర్వాత ఏమీ జరగనట్టు అక్కడినుంచి పట్టుకుని చివరిదాకా వాయించింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే, అంతేసేపు ఆగింది. మూడోసారీ అంతే. టీచరమ్మ, ఏం, ఏమైనా మరిచిపోయిందా అంది. నేను నా ఒళ్లోకి చూసుకున్నాను. కర్ర ఒళ్లో అడ్డంగా ఉంది. దాని మొన నేల తాకలేదు. అయినా పిల్ల లోపల దాని చప్పుడు కోసం ఆగింది.

మాకు కచ్చా కుట్టు అని ఒకటుంది. బట్ట జరగకుండా ముందు తెల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటాం. పైకుట్టు అయ్యాక అది లాగి పారెయ్యాలి. పనివాడు ఏమరుపాటున కచ్చా కుట్టును కూడా కలిపి పైకుట్టు వేశాడనుకోండి, కోటు కొన్నవాడి రొమ్ము మీద తెల్లదారం కనిపిస్తుంది. నా కర్ర కచ్చా కుట్టు. పిల్ల దాన్ని పాటలో కలిపి కుట్టేసింది. కుట్టించింది నేను. నలభై కాజాల్లో ఒకే తప్పు నేర్చుకున్న మనిషిని, నెలల తరబడి పిల్లకు ఆగడం నేర్పించాను.

మీరన్నదే నిజం. దీన్ని పెద్ద అక్షరాలతో రాయమన్నాను, రాసింది. ఎంత పెద్దగా రాసిందో నాకు తెలియదు గాని కాగితం మీద చాలా చోటు పట్టింది. రాసేటప్పుడు నవ్వుతోంది కూడా.

తర్వాత తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, అక్కడ ఎందుకు ఆగుతున్నావే అని అడిగాను. తెలియదంది. తెలియకుండా ఎలా ఆగుతావు అన్నాను. గిటారు మీద వేలితో గీతలు గీస్తూ చెప్పింది. నువ్వు రోజూ అక్కడ కర్ర కొడతావు కదా అమ్మమ్మా, అక్కడ ఏదో తప్పుంది, అదేమిటో నాకు కనబడదు, ఒకరోజు వేలు మార్చి చూశాను, ఒకరోజు గట్టిగా నొక్కాను, ఒకరోజు మెల్లగా నొక్కాను, ఏం చేసినా నువ్వు కొడుతూనే ఉన్నావు, మాస్టారును అడిగితే అక్కడ ఏ తప్పూ లేదంటారు, నీ చెవులు మాస్టారు చెవులకంటే పదునేమో అనుకున్నాను, దాన్నే వెతుకుతున్నాను అంది.

టీ చల్లారిపోతోంది తాగు అన్నాను.

ఇవాళ్టి వార్త చెబుతాను. కచ్చా కుట్టు విప్పే పని మొదలుపెట్టాం. పట్టి లాగితే బట్ట చిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా చేస్తున్నాం. పాట మొదటినుంచి వాయించవద్దన్నాను. మొదటినుంచి వస్తే కాళ్లు పాత దారి పట్టి ఆ గేటు దగ్గరికే వెళతాయి. మూడో వరస చివర నాలుగు స్వరాల నుంచి మొదలుపెట్టి, ఆ చోటు దాటి అయిదో వరసలో అడుగు పెట్టి ఆగమన్నాను. అంటే ఆగే చోటును మధ్యలోకి తెచ్చి, దాని రెండు పక్కలా ఆనుకుని బట్ట ఉండేలా. గిన్నెల్లో గుండీలు మామూలే. నేను మెట్ల మీదే ఉన్నాను. తలుపు సందులోంచి గుండీ గిన్నెలో పడే చప్పుడు లెక్కపెట్టుకున్నాను. మొదట మూడు పడ్డాయి, తర్వాత మూడూ వెనక్కి పోయాయి. మళ్లీ అయిదు పడ్డాయి. టీ తర్వాతి ఇరవై నిమిషాలూ అయ్యేసరికి చాలు ఆపు అని మెట్ల మీదినుంచే అరిచాను. ఇంకో రెండే ఉన్నాయి అమ్మమ్మా అంది. రేపు అన్నాను. ఈసారి ఏడవలేదు. నవ్వి, నువ్వు బయట ఉన్నా లోపల ఉన్నట్టే ఉంది అంది.

టీచరమ్మ ఇవాళ కూడా వచ్చి కూర్చుంది, ఈసారి కూరలు కోసుకోవడానికి పళ్లెం కూడా తెచ్చుకుంది. ఆవిడకూ గుండీల చప్పుడు లెక్కపెట్టడం వచ్చేసింది. నాకు మెట్లు కొత్తగా ఉన్నాయి గాని ఫరవాలేదు, గాలి బాగా వస్తుంది. లోపల పిల్ల వాయిస్తుంటే దాని చెయ్యి కనబడదు కాబట్టి వట్టి పాట వినబడుతుంది. ఇన్నాళ్లూ చెయ్యి చూడడంలో పడి పాట సగమే విన్నానేమో అనిపించింది.

కాబట్టి మాస్టారూ, ఆదివారం చెప్పిన వాదనలో నన్ను గదిలోంచి పంపే హక్కు మీకు లేదన్న ముక్క కొట్టేయమన్నాను. కొట్టేస్తే మురికిగా ఉంటుందని పిల్ల అలాగే ఉంచింది. మీరే కొట్టేసుకోండి. మిగతా వాదన మాత్రం వెనక్కి తీసుకోను. కూర్చునే తీరు, గోళ్లు, ఇరవై నిమిషాలు, నెమ్మదిగా వాయించడం, ఇవన్నీ నావి. వీటికి మీరు వంక పెట్టలేరు. వచ్చే శనివారం దీన్ని నాలుగో వరస దాటించి చూడండి. ఆగకపోతే పేరు రాయండి. ఆగితే, నెల కాదు రెండు నెలలైనా నేను మెట్ల మీదే ఉంటాను, కాని పిల్లను మళ్లీ చిన్నపిల్లల బ్యాచిలో మాత్రం కూర్చోబెట్టకండి. తప్పు చేతిది కాదు, కర్రది.

కొమ్ము గుండీ ఈ కవర్లోనే పెట్టి మీకు పంపిస్తున్నాను. కోపంతో కాదు. బొటనవేలికి చోటు దొరకని పిల్ల మీ దగ్గరికి ఇంకొకతె వస్తుంది, ఎప్పుడూ వస్తూనే ఉంటారు. పదిహేను రోజులు అతికించి, పదహారో రోజు పీకేయండి. ఆ పీకేయడం నాకు తెలియలేదు, మీకు తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక మంచి మేస్త్రీ అవుతాం.

మీ ఇంట్లో పెద్దలకు నా నమస్కారాలు చెప్పండి. ఎడమ చేతి గోళ్లు మీరు కూడా కత్తిరించుకోవాలని బొంగరం చెప్పింది. నేను చెప్పించలేదు, అదే చెప్పింది.

ఇట్లు,
మీ శిష్యురాలి అమ్మమ్మ
(పక్కనున్నది నా ఎడమ బొటనవేలి ముద్ర. సూది పోట్ల వల్ల గీతలు సరిగా పడవు. బ్యాంకువాళ్లు కూడా ఇదే గోల పెడతారు.)

తా.క. కవరు అంటించబోతుంటే ఆపించి ఇది రాయిస్తున్నాను. ఇది మందుల షాపు అతని చేత చదివించుకునే పని లేదు.

మాస్టారూ, నాలుగో వరసలో ఏ తప్పూ లేదు. ఎప్పుడూ లేదు. పాట అక్కడ మెల్లగా కిందికి దిగి దిగి, ఇక నేలకు ఆనుతుందనుకునేసరికి మలుపు తిరిగి పైకి లేస్తుంది. కొత్త కాజాలో గుండీ మొదటిసారి దూరినప్పుడు వేలికి ఒకటి తెలుస్తుంది, అలా ఉంటుంది నాకు ఆ చోటు. పిల్ల దాన్ని మొదటిసారి శుభ్రంగా వాయించిన రోజు నా చెయ్యి నన్నడక్కుండానే కర్ర నేలకు కొట్టింది. అప్పటినుంచి రోజూ అక్కడికి వచ్చేసరికి అంతే.

మా మేస్త్రీ తప్పుకు కొట్టేదీ ఒక్కటే దెబ్బ, పని కుదిరితే కొట్టేదీ ఒక్కటే దెబ్బ. రెండిటికీ తేడా కనుక్కోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దెబ్బ పడగానే తలెత్తి ఆయన కళ్లు చూడాలి, అప్పుడు తెలిసేది. నోటినిండా సూదులున్నా కళ్లు నవ్వేవి. బొంగరానికి ఆ దారి కూడా లేకుండా నేను వెనకాల కూర్చున్నాను. బాగుందే అని ఒక్క మాట అంటే పోయేది. నలభై రెండేళ్లు ఆ మాట ఎవరూ నాతో అనలేదు, నా నోటికి అది అలవాటు కాలేదు. తప్పే లేని చోట పిల్ల నెలల తరబడి తప్పు వెతుక్కుంది.

కర్ర మొనకు అల్లుడి పాత ఊలు మేజోడు తొడిగాను. చప్పుడు రాదు. డిసెంబరులో హాలుకు కూడా అలాగే తీసుకొస్తాను. ముందు వరసలో కూర్చుంటాను, ఈసారి ఎదురుగానే.

ఇదంతా రాస్తున్నది ఎవరో నాకు తెలుసు. అందుకే కిటికీ వైపు తిరిగి చెబుతున్నాను. ఇప్పుడు కలం చప్పుడు ఆగింది. ఎందుకాగావే, అక్కడ తప్పేమీ లేదు, ముందుకు పో అన్నాను.